మెత్తగా, గట్టిగా, కరకరగా: తిండి తీరును ఇంగ్లీషులో చెప్పడం

మన హాస్టళ్లకు తనిఖీకి వచ్చే అధికారుల్లో తెలుగు రానివారు కూడా ఉంటారు. వాళ్లు భోజనాల వరుస పక్కన నిలబడి ఫుడ్ ఎలా ఉందని ఇంగ్లీషులో అడుగుతారు. మన నోటి నుంచి సాధారణంగా వచ్చే జవాబులు రెండే. ఒకటి "గుడ్ సార్". రెండోది "నాట్ గుడ్ సార్". మొదటి జవాబు వినగానే ఆయన తల ఊపి ముందుకు వెళ్లిపోతారు. రెండోది వింటే "వాట్ ఈజ్ రాంగ్?" అని ఆగుతారు. ఆయన ఆగిన చోటనే మన ఇంగ్లీషు కూడా ఆగిపోతుంది. అన్నం ముద్దయిందా, పలుకుగా ఉందా, రాళ్లు తగులుతున్నాయా అన్నది ఆయనకు తెలియకపోతే వార్డెన్ సారుకు గానీ, వంటమనిషికి గానీ ఆయన ఏమని చెప్పగలరు?

అందుకే ఈసారి వార్షిక సంచికకు వ్యాకరణ పాఠం కాకుండా ఈ పాఠం రాద్దామనుకున్నాం. మేము ఈ హాస్టల్లో చదువుకుని బయటికి వెళ్లినవాళ్లం. మాలో ఇద్దరు ఇంగ్లీషు టీచర్లు, ఒకరు హోటల్ వంటగదిలో పని చేస్తున్నారు, ఒకరు బిస్కెట్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉన్నారు. నలుగురం కూర్చుని మాట్లాడుకుంటే తేలిన సంగతులివి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందుగా ఒక మాట. ఈ విషయంలో మన తెలుగు ఏమాత్రం పేదది కాదు. ముద్దగా, జావగా, పలుకుగా, బిరుసుగా, పొడిపొడిగా, గుల్లగా, పెళుసుగా, జిగటగా, పీచుగా, కచ్చాపచ్చాగా... వంటింట్లో అమ్మ రోజూ వాడే మాటలే ఇవన్నీ. చిక్కు ఎక్కడంటే, పాఠ్యపుస్తకాల్లో మనం నేర్చుకున్నవి సాఫ్ట్, హార్డ్ అనే రెండే. ఇన్ని తెలుగు మాటలనూ ఆ రెండు గదుల్లో కుక్కాలని చూస్తాం. అక్కడే అర్థం తప్పుతుంది.

మెత్తగా అన్నప్పుడు

"ఇడ్లీ మెత్తగా ఉంది, మాంసం మెత్తగా ఉడికింది, అన్నం మెత్తబడిపోయింది, అప్పడం మెత్తబడింది." ఈ నాలుగింటికీ మనకు ఒకే మాట సరిపోతుంది. ఇంగ్లీషులో నాలుగింటికి నాలుగు మాటలు కావాలి.

ఇడ్లీ సాఫ్ట్. వేలితో నొక్కితే లోపలికి పోతుంది, ఆకారం మాత్రం చెడదు. వేడి చపాతీ, తాజా బ్రెడ్డు కూడా సాఫ్ట్. ఇది మెచ్చుకోలు మాట. ఇడ్లీకైతే ఇంకో మెట్టు పైకెక్కి ఫ్లఫీ అని కూడా అనవచ్చు. లోపల గాలి గదులుండి తేలికగా ఉన్నదానికి ఆ మాట వాడతారు.

మాంసం టెండర్. గట్టిగానో పీచుగానో ఉండాల్సిన పదార్థం పంటికి సులభంగా లొంగినప్పుడు వాడే మాట ఇది. అందుకే ఇడ్లీని ఎవరూ టెండర్ అనరు. అది గట్టిగా ఉండాల్సిన వస్తువు కాదు కదా! లేత బెండకాయ టెండర్, లేత మునక్కాయ టెండర్. కొబ్బరి బోండాన్ని టెండర్ కోకొనట్ అనడం మీరు వినే ఉంటారు. మాంసంలో కొల్లాజెన్ అనే ప్రొటీను ఉంటుంది. సన్న సెగ మీద నీటితో ఎక్కువసేపు ఉడికితే అది కరిగి జెలటిన్‌గా మారుతుంది. ముదురు మాంసం కూడా టెండర్ అయ్యేది అలాగే. తొందరపడి దించేస్తే అది టఫ్‌గానే మిగిలిపోతుంది. ఆ మాట సంగతి తర్వాత చూద్దాం.

అన్నం మెత్తబడి మెతుకు మెతుకుగా కనబడకుండా పోతే మషీ. ఆకారం పోవడమే దీని గుర్తు. మరీ మాగిన అరటిపండు మషీ, ఎక్కువ ఉడికిన బంగాళాదుంప మషీ. "ద రైస్ ఈజ్ సాఫ్ట్" అని ఫిర్యాదు చేస్తే వినేవారికి అది ఫిర్యాదులాగా వినిపించదు, మెచ్చుకుంటున్నారనుకుంటారు. "ద రైస్ ఈజ్ మషీ" అనాలి.

సాంబారు తగిలి మెత్తబడిన అప్పడం సాగీ. పొడిగానో కరకరగానో ఉండాల్సిన దానికి బయటి తడి పట్టినప్పుడు వాడే మాట ఇది. టీలో ఎక్కువసేపు ముంచిన బిస్కెట్, పచ్చడి కారి తడిసిన బజ్జీ, టిఫిన్ డబ్బాలో ఆవిరికి చెమర్చిన పూరీ, అన్నీ సాగీనే. ఈ మాటలో ఎప్పుడూ నింద ఉంటుంది. సాంబారులో నానిన ఇడ్లీ మనలో చాలామందికి ఇష్టం. దాన్ని సాగీ ఇడ్లీ అన్నారంటే వినేవారు అయ్యో పాపం అంటారు. "సోక్డ్ ఇన్ సాంబార్" అనండి, వారికీ నోరూరుతుంది.

వర్షాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బాలో బిస్కెట్లు మెత్తబడతాయి. వాటిని సాగీ అనరు. నీళ్లలో తడవలేదు, గాలిలోని తేమను పీల్చుకున్నాయి, అంతే. "ద బిస్కెట్స్ హావ్ గాన్ సాఫ్ట్" అంటే చాలు. పాతబడ్డాయని చెప్పాలంటే స్టేల్. బ్రెడ్డు విషయంలో ఈ స్టేల్ అనే మాట తిరగబడుతుంది. బిస్కెట్ పాతబడితే మెత్తబడుతుంది, బ్రెడ్డు పాతబడితే గట్టిపడుతుంది. రెండూ స్టేలే. బ్రెడ్డు గట్టిపడటానికి తడి ఆరిపోవడం ఒక్కటే కారణం కాదు. ఉడికినప్పుడు విడివడిన పిండిపదార్థం చల్లారాక మళ్లీ ఒక వరుసలోకి చేరి బిగుసుకుంటుంది. రాత్రి అన్నం పొద్దునకు బిరుసెక్కడానికి, మళ్లీ వేడి చేస్తే మెత్తబడటానికి కారణం కూడా ఇదే.

అన్నం దగ్గర కాసేపు ఆగుదాం. మన హాస్టళ్లలో ఎక్కువ గొడవ దాని గురించే కనుక. అన్నం తీరు ప్రధానంగా బియ్యంలోని అమైలోజ్ అనే పిండిపదార్థం మీద ఆధారపడుతుంది. అది ఎక్కువుంటే మెతుకులు విడివిడిగా ఉంటాయి, తక్కువుంటే అతుక్కుంటాయి. కొత్త బియ్యం తొందరగా ముద్దవుతాయి, పాత బియ్యం ఎక్కువ నీళ్లు తాగి పొడిపొడిగా వస్తాయి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అంటే సాంబ మసూరి, ఇన్నేళ్లుగా నిలబడటానికి సన్నదనంతోపాటు వండాక అన్నం తీరు కూడా కారణమే. తెలంగాణలో 2015 జనవరి నుంచి హాస్టళ్లకు సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. దొడ్డు బియ్యానికి అలవాటైన కొలతతోనే నీళ్లు పోస్తే సన్నబియ్యం ముద్దయ్యే అవకాశం ఉంది. పెద్ద గిన్నెలో వందమందికి వండినప్పుడు అడుగున మషీ, పైన పలుకు రావడమూ మామూలే.

ఇంత వివరం ఎందుకంటే, సరైన మాట చెబితే కారణం కూడా దొరుకుతుంది. "అన్నం బాగాలేదు" అంటే ఆ నింద వంటమనిషి మీద పడుతుంది. "అన్నం మషీగా ఉంది" అంటే చూపు నీళ్ల కొలత మీదికో, కొత్త బియ్యం మీదికో మళ్లుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మన కోసం పొయ్యి వెలిగించే అక్కలకు, అన్నలకు ఆ మాత్రం న్యాయం చేయాలి.

గట్టిగా అన్నప్పుడు

పెరుగు గట్టిగా ఉందని చెప్పడానికి "కర్డ్ ఈజ్ హార్డ్" అనేవాళ్లను చాలామందిని చూశాం. హార్డ్ అంటే రాయిలా గట్టిది. పెరుగుకు థిక్ అనాలి. చిక్కటి పాలకూ థిక్కే, మందపాటి రొట్టెకూ థిక్కే. మనకు చిక్కన, మందం అని రెండు మాటలున్న చోట ఇంగ్లీషుకు ఒకటే ఉంది. ఈ ఒక్కచోట మనమే గొప్పవాళ్లం! దీనికి ఎదురు మాట థిన్. మజ్జిగ థిన్‌గా ఉండటం తప్పు కాదు, దోసె థిన్‌గా ఉండటం తప్పు కాదు. పప్పులో నీళ్లు తేలుతుంటే మాత్రం థిన్ చాలదు. వాటరీ అనండి. అందులో ఫిర్యాదు ఉంది.

హార్డ్‌కూ టఫ్‌కూ ఉన్న తేడా పంటికే బాగా తెలుస్తుంది. హార్డ్ అంటే పన్ను దిగదు. టఫ్ అంటే పన్ను దిగుతుంది గానీ ముక్క తెగదు. ఎండిపోయిన కొబ్బరి హార్డ్, ఉడకని మటన్ టఫ్. నమిలే పని ఎక్కువగా ఉన్నా నోటికి హాయిగా ఉంటే చ్యూయీ. పరోటా చ్యూయీ, జీడి చ్యూయీ. ఎక్కువసేపు ఉడికించిన గుడ్డులోని తెల్లసొన పళ్ల మధ్య ఎగురుతుంటే రబ్బరీ. చల్లారి బిగుసుకుపోయిన చపాతీ లెదరీ, అంటే తోలులా ఉందని. సరిగా కాలక లోపల పచ్చిపిండి తగులుతుంటే డోయీ. ఈ చివరి మాట చపాతీల రోజున బాగా పనికొస్తుంది.

అన్నంలో పలుకు ఉందనడానికి ఇంగ్లీషులో మన మాటంత చక్కటి ఒంటి మాట లేదు. "ద రైస్ ఈజ్ అండర్‌కుక్డ్" లేదా "హార్డ్ ఇన్ ద మిడిల్" అని చెప్పాలి.

వెరీ, టూ అన్న రెండు చిన్న మాటలను కూడా ఇక్కడే పట్టుకోండి. వెరీ థిక్ అంటే చాలా చిక్కగా ఉంది, అంతే. టూ థిక్ అంటే ఉండాల్సినదానికన్నా చిక్కగా ఉంది, బాగాలేదు. ఇడ్లీని మెచ్చుకుంటూ "టూ సాఫ్ట్" అనకూడదు. వండినవారి ముఖం చిన్నబోతుంది.

కరకర

దోసె అంచు కొరికితే వచ్చే చప్పుడు వేరు, చేగోడీ నమిలితే వచ్చే చప్పుడు వేరు. ఇంగ్లీషువాళ్లు మొదటిదాన్ని క్రిస్పీ అంటారు, రెండోదాన్ని క్రంచీ అంటారు. క్రిస్పీ అంటే పలచగా, పొడిగా ఉండి మొదటి కొరుకుకే ఫట్‌మని విరిగేది. అప్పడం, దోసె అంచు, నూనెలో వేగిన కరివేపాకు ఇలాంటివే. క్రంచీ అంటే కాస్త మందంగా ఉండి, నములుతున్నంతసేపూ చప్పుడు చేసేది. చేగోడీలు, వేయించిన శనగలు, పల్లీలు, పచ్చి క్యారెట్ ముక్క ఈ జట్టువి. క్యారెట్‌లో నీరు ఎంతో ఉంటుంది, అయినా క్రంచీనే. కనుక క్రంచీకి పొడిగా ఉండాలన్న నియమం లేదు.

ఇది మా ఊహ కాదు. శాస్త్రవేత్తలు మైకులు పెట్టి మరీ కొలిచారు. క్రిస్పీ పదార్థాల చప్పుడులో సన్నని, హెచ్చుస్థాయి శబ్దాలు ఎక్కువ. క్రంచీ పదార్థాల చప్పుడు బొంగురుగా, తక్కువ స్థాయిలో ఉంటుంది. 2004లో జాంపిని, స్పెన్స్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం మరీ సరదాగా ఉంటుంది. మనుషుల చేత బంగాళాదుంప చిప్స్ కొరికించి, ఆ చప్పుడును మార్చి వాళ్ల చెవులకే హెడ్‌ఫోన్లలో వినిపించారు. చప్పుడు పెంచినప్పుడు, అందులోనూ హెచ్చుస్థాయి శబ్దాలు పెంచినప్పుడు, చిప్స్ మరింత క్రిస్పీగా, తాజాగా ఉన్నాయని వాళ్లు చెప్పారు. చిప్స్ మాత్రం మారలేదు! నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2008లో దీనికి వచ్చింది.

తాజా ఆపిల్‌ను, తాజా కీరదోసను క్రిస్ప్ అంటారు గానీ క్రిస్పీ అనడం తక్కువ. క్రిస్పీ ఎక్కువగా వేగినవాటికి, కాలినవాటికి. బ్రిటన్‌లో ప్యాకెట్ చిప్స్ పేరే క్రిస్ప్స్. పలికేటప్పుడు జాగ్రత్త. క్రిప్స్ కాదు, క్రిస్ప్. ముందు స, తర్వాత ప.

సకినాలు క్రిస్పీయా, క్రంచీయా అన్న విషయంలో మా నలుగురి మధ్య ఇంకా రాజీ కుదరలేదు. గుల్లగా వచ్చినవి క్రిస్పీ అని ముగ్గురం, ఎలా వచ్చినా క్రంచీయే అని ఒకరు. సంక్రాంతికి మీరే తిని తేల్చండి.

విరగడంలో ఇంకా రకాలున్నాయి. పల్లీ చిక్కీకి దగ్గరి వంటకాన్ని ఇంగ్లీషులో పీనట్ బ్రిటిల్ అంటారు. బ్రిటిల్ అంటే పెళుసు. సున్నుండ పట్టుకుంటేనే రాలుతుంది, అది క్రంబ్లీ. బేకరీలో కర్రీ పఫ్ పొరలు పొరలుగా ఊడుతుంది, అది ఫ్లేకీ. ఉడికిన చేప ముక్క రేకులుగా విడిపోతే దానికీ ఫ్లేకీయే వాడతారు. ఇక 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకు సంగతి చూస్తే, కాగితంలా పలచన కాబట్టి పేపర్ థిన్, నోట్లో కరిగిపోతుంది కాబట్టి "ఇట్ మెల్ట్స్ ఇన్ ద మౌత్". ఒక్క మాటలో చెప్పడం మాకు చేతకాలేదు.

జిగురు, ఇసుక, ఉండలు

చేతికి అంటుకునే బెల్లం పాకం స్టికీ. బెండకాయ, చేమదుంప జిగురు మాత్రం స్లైమీ, అంటే అంటుకునేదానికన్నా జారేది. అన్నం అతుక్కుపోయిందని స్టికీ రైస్ అంటే కొందరు పొరబడవచ్చు. థాయిలాండ్ వంటి దేశాల్లో ఇష్టంగా తినే ఒక రకం బియ్యానికి అదే పేరు.

ఈ స్లైమీ అన్న మాటను బాగా గుర్తుపెట్టుకోండి. అన్నం గానీ పప్పు గానీ జిగటగా మారి, పుల్లటి వాసన వస్తుంటే అది చెడిపోయిందని గుర్తు. మిగిలిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచేస్తే అందులో పెరిగే ఒక రకం బాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. పైకి ఏ తేడా కనిపించకపోయినా ఆ ప్రమాదం ఉంటుంది. జిగట కనిపిస్తే ఇక చెప్పనవసరం లేదు, తినకూడదు. అప్పుడు భాష గురించి మొహమాటపడకుండా "ద రైస్ ఈజ్ స్లైమీ అండ్ స్మెల్స్ సోర్. ప్లీజ్ డోంట్ సర్వ్ ఇట్" అని చెప్పండి. తెలుగు వచ్చినవారైతే తెలుగులోనే చెప్పండి. ముందు చెప్పడం ముఖ్యం.

తోటకూరలో ఇసుక పళ్ల కింద కరకరమంటే గ్రిటీ. ఉప్మా ఉండలు కడితే లంపీ. పూసకట్టిన నెయ్యి గ్రెయినీ, ఇది మంచి మాటే. రోటి పచ్చడి కచ్చాపచ్చాగా ఉంటే కోర్స్, మెత్తగా నూరితే స్మూత్. పీచు మామిడి ఫైబ్రస్. నూనె తేలే కూర ఆయిలీ, చేతికీ పెదవులకీ జిడ్డు అంటి చిరాకు పుట్టిస్తే గ్రీజీ.

ఈ మాటలతో బతుకుతెరువు కూడా

మాలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఉన్నతను రోజూ చేసే పని ఇదే. ప్రతి షిఫ్టులో నమూనాలు తీసి, కొరికి, ఎంత హార్డ్, ఎంత క్రిస్ప్, ఎంత క్రంబ్లీ అని నంబర్లు వేయాలి. బాగుంది, బాగాలేదు అని రాస్తే ఒప్పుకోరు. అమెరికాలో అలీనా షెస్నియాక్ అనే శాస్త్రవేత్త 1963లోనే తిండి తీరును గట్టిదనం, అతుకుదనం, సాగుడు వంటి గుణాలుగా విడదీసి, వాటిని కొలిచే దారి చూపించారు. మన దేశంలో 1950లో మైసూరులో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో ఇలాంటి చదువూ, పరిశోధనా ఉన్నాయి. జపాను భాషలో తిండి తీరును చెప్పే మాటలు నాలుగు వందలకు పైగా ఉన్నాయని అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. తెలుగు మాటలు ఎన్నో మీలో ఎవరైనా లెక్కగడితే వచ్చే సంచికలో వేయవచ్చు.

హోటల్ మేనేజ్‌మెంట్ ఇంటర్వ్యూల్లో "మీ ఊరి వంటకం ఒకటి వివరించండి" అని అడగడం మామూలే. జొన్న రొట్టె, రాగి సంకటి అని చెప్పడానికి సిగ్గుపడకండి. సంకటి "సాఫ్ట్, డెన్స్ అండ్ స్మూత్", రొట్టె "డ్రై అండ్ స్లైట్లీ చ్యూయీ" అని చెప్పి చూడండి. పిజ్జా గురించి చెప్పేవాళ్లు అక్కడ చాలామందే ఉంటారు.

మెస్ కమిటీ రిజిస్టరులో ఇంగ్లీషులో రాయాల్సి వస్తే మూడు సంగతులు చాలు: ఏ పదార్థం, ఎలా ఉంది, ఏ పూట. "డిన్నర్, ట్యూజ్‌డే. ద చపాతీస్ వర్ డోయీ ఇన్ ద మిడిల్ అండ్ ద దాల్ వజ్ వాటరీ." బాగున్న రోజున కూడా రాయండి. "ద ఇడ్లీస్ వర్ సాఫ్ట్ అండ్ ఫ్లఫీ టుడే" అన్న వాక్యాన్ని వంటమనిషికి చదివి వినిపించి, తెలుగులో అర్థం చెప్పండి.

అభ్యాసం

కింది వాటికి సరైన ఇంగ్లీషు మాట రాయండి. జవాబులు చివర ఉన్నాయి, ముందే చూడవద్దు.

1. పాయసంలో పడి మెత్తబడిన వడియం.
2. మాంసం ఎంత నమిలినా తెగడం లేదు.
3. కిచిడీలో బియ్యమేదో పప్పేదో తెలియడం లేదు.
4. గోంగూరలో ఇసుక.
5. గట్టి పెరుగు.
6. పుల్లటి పచ్చి మామిడికాయ ముక్క కొరికితే వచ్చే చప్పుడు.
7. నాటుకోడి కూర ముక్క ఎముక నుంచి సులభంగా ఊడి వచ్చింది.
8. డబ్బా మూత తీసి ఉంచితే మెత్తబడిన మురుకులు.

జవాబులు: 1. సాగీ. 2. టఫ్. 3. మషీ. 4. గ్రిటీ. 5. థిక్. 6. క్రంచీ. 7. టెండర్. 8. ఇక్కడ సాగీ అని రాసినవారు మళ్లీ అప్పడం, బిస్కెట్ల పేరాలు చదవాలి. మురుకులు తడవలేదు, తేమ పీల్చుకున్నాయి. "హావ్ గాన్ సాఫ్ట్" అన్నవారికి పూర్తి మార్కులు, స్టేల్ అన్నవారికి కూడా ఇచ్చేస్తున్నాం. ఒకటో ప్రశ్న చూసి పాయసంలో వడియం ఎందుకు పడిందని అడిగినవారికి అరమార్కు అదనం.